పాత బిల్డింగులో ఆర్‌సీసీబీ లేదు: రిపోర్టులో ఏ తరగతి కింద రాయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నల్లగొండ పాత టౌనులో 1980ల నాటి రెండంతస్తుల బిల్డింగు. కింద మూడు షాపులు, పైన నాలుగు అద్దె పోర్షన్లు. టేకు పట్టీల మీద వైరింగు, పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు, ఎక్కడా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే పరికరం) లేదు. మీకు దొరికిన బ్రిటన్ వైరింగు తనిఖీ రిపోర్టు నమూనాలో ఇలాంటి లోపానికి సీ3, అంటే ‘మెరుగుపరిస్తే మంచిది’ అని ఉంది. తోటి వైర్‌మన్ మాత్రం మొత్తం ‘ప్రమాదకరం’ అని రాసి సంతకం పెట్టెయ్యమంటున్నాడు. ఓనరేమో నలభై ఏళ్లుగా ఏం కాలేదు కదా అంటున్నాడు. ముగ్గురిలో ఎవరి మాట వినాలి?

ఎవరి మాటా వినొద్దు. ముందు ఎర్త్ కొలవండి. ఆర్‌సీసీబీ లేకపోవడం ఎంత పెద్ద తప్పో ఆ పరికరాన్ని చూస్తే తెలియదు. అది లేనిచోట లీకేజీ వస్తే ఇంకేదైనా కరెంటు తీసేస్తుందా లేదా అన్నదాన్ని బట్టి తెలుస్తుంది. ఒకే బిల్డింగులో ఒకే లోపం ఒక గదిలో మెరుగుపరిస్తే చాలనేది (మూడో తరగతి), పక్క వరండాలో ప్రాణం మీదికి తెచ్చేది (రెండో తరగతి) కావచ్చు.

బ్రిటన్ కోడ్ల సంగతి ముందు తేల్చుకుందాం. అక్కడ సీ1 అంటే ఇప్పుడే ప్రమాదం ఉంది. సీ2 అంటే ప్రమాదం జరిగే అవకాశం ఉంది. సీ3 అంటే మెరుగుపరిస్తే మంచిది. ఎఫ్‌ఐ అంటే ఇంకా పరిశీలించాలి. సీ1, సీ2, ఎఫ్‌ఐలలో ఒక్కటి పడినా రిపోర్టు ‘సంతృప్తికరం కాదు’ అవుతుంది. సీ3లు ఎన్ని ఉన్నా రిపోర్టు పాసే. ఇంట్లోపలి సాకెట్లకు ఆర్‌సీడీ (ఆర్‌సీసీబీ లాంటి పరికరాలకు అక్కడి పేరు) లేకపోతే అక్కడ సాధారణంగా సీ3 వేస్తారు, నిజమే. ఎందుకు వేస్తారో చూడాలి. అక్కడ ఎక్కువ ఇళ్లకు ఎర్త్ కరెంటు కంపెనీయే ఇస్తుంది. సర్వీసు దగ్గర ఆ ఎర్త్ లూపు (లీకైన కరెంటు ఎర్త్ గుండా ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళ్లి తిరిగొచ్చే దారి మొత్తం నిరోధం) 0.35 ఓములో, పాత కేబుల్ పద్ధతి అయితే 0.8 ఓములో ఉంటుందని లెక్క. 230 వోల్టులను 0.35తో భాగిస్తే 650 ఆంపియర్లు దాటుతుంది. ఫేజు వెళ్లి పరికరం ఇనప బాడీకి తగిలిందంటే ఫ్యూజో, ఎంసీబీయో (ఎక్కువ కరెంటు పారితే పడిపోయే స్విచ్) క్షణంలో పోతుంది. ఆర్‌సీడీ అక్కడ రెండో కాపలా. మొదటి కాపలా బాగున్నప్పుడు రెండోది లేకపోతే సీ3 అనడం న్యాయమే. అదే బ్రిటన్‌లో, ఎర్త్ ఇంటి ఓనరే పాతుకున్న చోట ఆర్‌సీడీ లేకపోతే సీ2 వేస్తారు. మీ నమూనాలో ఆ ముక్క లేకపోయి ఉంటుంది.

మన దగ్గర దాదాపు అన్ని పాత ఇళ్లదీ ఆ రెండో పరిస్థితే. పోల్ నుంచి వచ్చేది ఫేజు, న్యూట్రల్, రెండే వైర్లు. ఎర్త్ అనేది మన గుంట, మన పైపు, మన బొగ్గు, మన ఉప్పు. కింద రాయి, పైన చెలక నేల. మే నెలలో ఆ గుంటలో తేమ ఎంత ఉంటుందో మీకు తెలియంది కాదు.

లెక్క ఒకసారి చేసి చూడండి. మీ గుంట ఎర్త్ 12 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ ఎర్త్ 3 ఓములు అనుకుందాం. మొత్తం 15. ఫేజు కూలర్ బాడీకి తగిలితే పారే కరెంటు 230ని 15తో భాగిస్తే వచ్చే 15 ఆంపియర్ల చిల్లర. సర్క్యూట్‌కు 16 ఆంపియర్ల సీ టైపు ఎంసీబీ (సీ16 అంటారు, పై కోడ్లలోని సీ కాదు) ఉందనుకోండి. దాని దృష్టిలో అది మామూలు లోడు. అది వెంటనే పడిపోవాలంటే 5 నుంచి 10 రెట్లు, అంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. ఖాయంగా పడాలంటే లూపు మొత్తం 1.4 ఓముల లోపు ఉండాలి. 15 ఆంపియర్ల ఫ్యూజు వైరు కూడా కరగదు. కిట్‌క్యాట్‌లో వైరు కరగాలంటే దాని రేటింగుకు దాదాపు రెట్టింపు కావాలి. అంటే కూలర్ బాడీ మీద 180 వోల్టుల పైచిలుకు అలాగే నిలబడి ఉంటుంది. గంటలు గంటలు. మీటరు గిర్రున తిరుగుతూ ఉంటుంది, అంతే. నీళ్లు పోయడానికి తడి చేతులతో, ఉత్త కాళ్లతో వెళ్లిన మనిషి దాన్ని పట్టుకుంటాడు.

అదే చోట 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే 15 ఆంపియర్లు దానికి 500 రెట్లు. 40 మిల్లీసెకన్ల లోపు తీసేస్తుంది. బాడీ మీద వోల్టేజీ 50 దాటకముందే పడాలన్న లెక్కతో చూస్తే 30 మిల్లీఆంపియర్లకు ఎర్త్ 1,667 ఓముల దాకా ఉన్నా పని జరుగుతుంది. 100 మిల్లీఆంపియర్ల దానికి 500 ఓముల దాకా. నిజానికి 200 ఓములు దాటిన ఎర్త్ నిలకడగా ఉండదు, దాన్ని నమ్ముకోవద్దు. కానీ విషయం అర్థమైంది కదా. మన నేలలో ఎంసీబీకి సరిపోయే ఎర్త్ తేవడం కష్టం, ఆర్‌సీసీబీకి సరిపోయే ఎర్త్ తేవడం తేలిక. కాబట్టి ఇక్కడ ఆర్‌సీసీబీయే మొదటి కాపలా. అది లేకపోతే సీ3 అని రాయడానికి వీల్లేదు.

మన దగ్గర చట్టం అక్షరాల కోడ్లు ఏవీ పెట్టలేదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు, మొదట 2010వి, వాటి స్థానంలో వచ్చిన 2023వి, లీకేజీ రక్షణ పరికరం ఉండాలంటున్నాయి. ఇళ్లకు 30, మిగతా వాటికి 100 మిల్లీఆంపియర్లు మించకూడదు. బాగా తక్కువ లోడు కనెక్షన్లకు మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు చూపించి ఓనర్లు తప్పించుకోవాలని చూస్తారు. మీరు తరగతి వేసేటప్పుడు దాన్ని పట్టించుకోనక్కర్లేదు. మినహాయింపు ఉన్నంత మాత్రాన షాక్ తగ్గదు. ‘నిబంధన ప్రకారం తప్పనిసరా’ అన్నది ఒక గడి, ‘ప్రమాదం ఎంత’ అన్నది ఇంకో గడి. రెండూ వేర్వేరుగా పెట్టండి. కట్టిన రోజు రూలు ఏముందన్నది మొదటి గడికి సంబంధించిన విషయం. రెండో గడికి దాంతో పని లేదు.

తరగతులు నాలుగు చాలు. ఒకటి: ఇప్పుడు చెయ్యి పెడితే ఇప్పుడే షాక్, లేదా ఆ రోజే తీసెయ్యాల్సినంత ప్రమాదం. రెండు: ఇంకొక్క తప్పు జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. మూడు: ఉన్న రక్షణ పని చేస్తోంది, ఇంకాస్త పెంచుకోవచ్చు. నాలుగు: తేలలేదు, కొలవాలి. ఈ నాలుగో దాన్ని వాడటానికి మొహమాటపడతారు చాలామంది. లూపు టెస్టర్ లేకుండా వెళ్లి ఎర్త్ బాగుందని మూడో తరగతి వెయ్యడం కంటే ‘కొలవలేదు’ అని నాలుగు వెయ్యడం వెయ్యి రెట్లు నయం.

ఎర్త్ చూడటానికి ఊళ్లో అందరూ చేసే పని, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టడం. బల్బు ఫుల్లుగా వెలిగింది, ఎర్త్ సూపర్ అంటారు. ఆ బల్బు వేడెక్కాక దాని నిరోధం దాదాపు 530 ఓములు. ఎర్త్ 20 ఓములు ఉంటే బల్బుకు 221 వోల్టులు అందుతాయి. ఎర్త్ 100 ఓములున్నా 193 వోల్టులు అందుతాయి. కంటికి తేడా కనపడదు. ఎంసీబీ పడాలంటే 1.4 కావాలని ఇప్పుడే అనుకున్నాం. కాబట్టి బల్బు వెలగకపోతే ఎర్త్ లేదని తెలుస్తుంది, వెలిగితే ఏమీ తెలియదు. ఎల్‌ఈడీ బల్బుతో అయితే ఇంకా మోసం. ఇస్త్రీ పెట్టెలాంటి పెద్ద లోడు పెట్టి చూద్దామని కొందరు అంటారు. వద్దు. ఎర్త్ బాగోలేకపోతే ఆ టెస్టు జరిగినంతసేపూ బిల్డింగులో ఎర్త్ వైరుకు తగిలి ఉన్న ప్రతి బాడీ మీదికీ వోల్టేజీ వస్తుంది. పై పోర్షన్‌లో ఎవరు ఏది పట్టుకుని ఉన్నారో మీకు తెలియదు.

లూపు టెస్టర్‌తో ప్రతి సాకెట్ దగ్గరా కొలవండి. గుంట ఒక్కదాన్నే కొలవాలంటే ఎర్త్ టెస్టర్ ఉంది. బయటి మేకు 25, 30 మీటర్ల దూరంలో, మధ్య మేకు ఆ దూరంలో 62 శాతం దగ్గర. పాత టౌను సందుల్లో అంత మట్టి నేల దొరకదు, అక్కడ లూపు టెస్టరే గతి. కొలిచిన నెల రిపోర్టులో తప్పక రాయండి. ఆగస్టులో వానలు పడ్డాక 6 ఓములు చూపించిన గుంట మేలో ఎన్నో రెట్లు పైకి పోవచ్చు. సాగర్ ఎడమ కాలువ కింద తడి ఉండే మిర్యాలగూడ వైపు నేలకూ, దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట వైపు రాతి నేలకూ పోలికే లేదు. ఎండాకాలంలో కొలవని అంకె మీద ఆధారపడి మూడో తరగతి వెయ్యకండి.

ఇక మీ బిల్డింగు.

పై పోర్షన్లలో త్రీ పిన్ సాకెట్లు ఉన్నాయన్నారు. ప్లేటు విప్పి చూడండి. పట్టీ వైరింగులో ఎక్కువసార్లు రెండే వైర్లు ఉంటాయి. పైన పెద్ద రంధ్రం వెనకాల స్క్రూ ఖాళీగా, తుప్పు పట్టి ఉంటుంది. తర్వాత ఎవరో టూ పిన్ తీసి త్రీ పిన్ పెట్టారన్నమాట. వాడేవాళ్లు ఎర్త్ ఉందనుకుంటారు. ఇక్కడ లోపాలు రెండు, రెండు వరుసల్లో రాయండి. సాకెట్‌కు ఎర్త్ వైరు లేదు, ఇది రెండో తరగతి. సర్క్యూట్‌కు ఆర్‌సీసీబీ లేదు, ఇదీ రెండో తరగతే. రెంటినీ కలిపి ఒకే వాక్యంలో రాస్తే ఓనరు ఒక్క ఆర్‌సీసీబీ బిగించి పనైపోయింది అంటాడు. ఎర్త్ లేని చోట ఆర్‌సీసీబీ పెడితే లాభం లేదని కాదు. నిజానికి వైరింగు మొత్తం మార్చేలోపు ఒక్క రోజులో చేయగలిగిన మంచి పని అదే. కానీ ఎర్త్ లేనప్పుడు లీకేజీకి దారి ఉండదు. మనిషి పట్టుకున్నాకే దారి దొరుకుతుంది. అప్పుడు పడుతుంది. ఆ దెబ్బకు ప్రాణం పోకపోవచ్చు గానీ స్టూలు మీద నిలబడ్డవాడు కింద పడతాడు.

ఆ స్క్రూ ఖాళీగా లేకుండా, న్యూట్రల్ నుంచి చిన్న వైరు ముక్క తెచ్చి ఎర్త్ పిన్నుకు లూపు చేసి ఉంటే మాత్రం నేరుగా ఒకటో తరగతి. పాత ఇళ్లలో ఇది కనిపిస్తూనే ఉంటుంది, ఎర్త్ కావాలన్న గీజర్ మెకానిక్ కోసమో ఏసీ మెకానిక్ కోసమో చేసి ఉంటారు. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే, అంటే పోల్ దగ్గర జాయింట్ వదులైనా, న్యూట్రల్ ఫ్యూజు పోయినా, ఆన్‌లో ఉన్న ఫ్యాను గుండా, బల్బు గుండా ఫేజు వెనక్కి వచ్చి వాషింగ్ మెషీన్ బాడీ మీదికి ఎక్కుతుంది. మెషీన్‌లో ఏ లోపమూ ఉండదు. అక్కడే ఆ ముక్క తీయించి, తీయించానని రాసి, ఆ సాకెట్ వాడకుండా టేపు వెయ్యండి.

న్యూట్రల్ ఫ్యూజు అన్నాం కాబట్టి అదీ చూద్దాం. ఆ కాలపు బోర్డుల్లో ఫేజుకొక కిట్‌క్యాట్, న్యూట్రల్‌కొక కిట్‌క్యాట్ పక్కపక్కనే ఉంటాయి. న్యూట్రల్‌లో విడి ఫ్యూజు గానీ, ఫేజుతో జత కాని స్విచ్ గానీ ఉండకూడదన్నది 1956 నాటి రూల్సు నుంచీ ఉన్నదే. న్యూట్రల్ ఫ్యూజు కాలితే లైట్లు ఆరిపోతాయి, కరెంటు పోయిందనుకుని హోల్డర్‌లో వేలు పెడతారు. రెండో తరగతి వెయ్యండి. సరిచేసేటప్పుడు న్యూట్రల్ కిట్‌క్యాట్ తీసేసి ఊరికే రాగి లింకు పెట్టొద్దు. పోల్ మీద పనిచేసినప్పుడు సర్వీసు వైర్లు తారుమారు అయ్యాయంటే ఇంట్లో ఫేజు కాస్తా లింకు మీదికి వస్తుంది, దానికి ఇక ఫ్యూజే లేనట్టు. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి తెగే డబుల్ పోల్ ఎంసీబీ పెట్టమని రాయండి.

కిట్‌క్యాట్ క్యారియర్ బయటికి లాగి ఫ్యూజు వైరు చూడకుండా రిపోర్టు రాయకండి. మెయిన్ ఆపేసి లాగండి. 5 ఆంపియర్లకు 0.2 మిల్లీమీటర్ల తగరం పూత రాగి తీగ, 15 ఆంపియర్లకు 0.5 మిల్లీమీటర్లు. మీకు కనిపించేది మాత్రం ఏదో ఫ్లెక్సిబుల్ వైరు నుంచి పీకిన పోగులు, నాలుగైదు మెలితిప్పి ఉంటాయి. ఒకటిన్నర స్క్వేరు వైరులో 0.3 మిల్లీమీటర్ల పోగులు 22 ఉంటాయి. వాటిలో ఐదు మెలేస్తే అది ఫ్యూజు కాదు, లింకు. దాని వెనకాల ఉన్నదేమో 1/18 (18వ గేజు ఒంటి తీగ) పాత అల్యూమినియం వైరు. ముందు కాలేది ఆ వైరే, టేకు పట్టీ మీద. దీనికి ‘ఓవర్‌లోడ్ రక్షణ లేదు’ అని రెండో తరగతి. పింగాణీ మూత పగిలి, లోపలి ఇత్తడి కనపడుతూ వేలికి అందేలా ఉంటే ఒకటో తరగతి. డీబీలో (ఎంసీబీలు ఉండే బోర్డు పెట్టెలో) ఎంసీబీ పీకేసిన ఖాళీకి మూత లేకపోయినా ఒకటో తరగతే. పిల్లలున్న పోర్షన్ అయితే ఇంకో ఆలోచనే వద్దు.

లైట్ల సర్క్యూట్లకు ఆర్‌సీసీబీ లేకపోవడం మూడో తరగతి చాలు. బేకలైట్ హోల్డర్లు, ప్లాస్టిక్ స్విచ్‌లు, చేతికి అందని ఎత్తు. పాత ఇనప బోర్డు పెట్టెలుంటే, మెట్ల దగ్గర చేతికి అందే ఎత్తులో రేకు పట్టీ ట్యూబ్‌లైటు ఉంటే రెండుకు పెంచండి.

కింది షాపుల్లో అసలు చూడాల్సింది షట్టరు. షట్టరు పైన బోర్డు లైటింగు, దాని వైరు ఇనప ఫ్రేము అంచు మీదుగా వంగి లోపలికి వస్తుంది. షట్టరు ఎత్తి దించిన ప్రతిసారీ అక్కడ రాపిడి. ఇన్సులేషన్ పోయిన రోజు షట్టరు మొత్తం ఫేజు. పొద్దున తాళం తీసేవాడు, వాన పడుతుంటే దాని కింద నిలబడ్డవాడు, ఇద్దరూ పోతారు. బోర్డు లైటు సర్క్యూట్‌కు 30 మిల్లీఆంపియర్ల రక్షణ లేకపోతే ఎర్త్ లూపు ఎంత బాగున్నా రెండో తరగతి. రాపిడిలో రాగి అప్పటికే బయటపడి ఉంటే ఒకటి.

లూపు నిజంగా 1.4 ఓముల లోపు వచ్చి, ఎండాకాలంలోనూ అంతే ఉంటుందని తేలితే గది లోపలి సాకెట్లకు బ్రిటన్ వాళ్లలాగే మూడు వెయ్యవచ్చు. అప్పుడు కూడా బాత్రూము గీజర్, వరండాలో కూలర్ సాకెట్, సంపు మోటరు, మిద్దె మీద గ్రైండర్ పెట్టుకునే సాకెట్, వీటికి రెండో తరగతే. నీళ్లు, తడి కాళ్లు, బయటి నేల ఉన్నచోట ఎంసీబీ పడేలోపే దెబ్బ తగులుతుంది. సర్జ్ అరెస్టర్ (పిడుగులప్పుడు వచ్చే వోల్టేజీ దెబ్బను ఆపేది) లేకపోవడం మూడు. దాన్ని రెండు చేసి భయపెట్టకండి, అసలు ప్రాణం తీసే వరుసలు ఆ గుంపులో కనపడకుండా పోతాయి. అన్నిటికీ ‘ప్రమాదకరం’ అని రాసెయ్యమన్న మీ వైర్‌మన్ సలహాలో ఉన్న తప్పు కూడా అదే. ముప్పై ఎర్ర గీతలు చూసిన ఓనరు ఒక్కటీ చెయ్యడు.

వేరే బిల్డింగులో ఆర్‌సీసీబీ ఉన్న పోర్షన్ తగిలితే అది ఉన్నట్టే అనుకోకండి. లోపల లోడు వేసి టెస్టు బటన్ నొక్కండి. మీట పడిపోయినా ఫ్యాను తిరుగుతూనే ఉందంటే బైపాస్ చేశారు. పడకపోతే పరికరం చచ్చింది. రెండూ ‘లేదు’ కిందే లెక్క. పైగా ఉందన్న భ్రమ. బటన్ నొక్కితే పడిందంటే ఎర్త్ ఉందని కూడా అనుకోవద్దు. ఆ బటన్ లోపలి నిరోధం గుండా కరెంటును పక్కదారి పట్టిస్తుంది, ఎర్త్‌తో దానికి సంబంధం లేదు. టెస్టర్‌తో అసలు పరీక్ష చెయ్యండి: 15 మిల్లీఆంపియర్లకు పడకూడదు, 30కి 300 మిల్లీసెకన్లలో, 150కి 40 మిల్లీసెకన్లలో పడాలి. 1980ల నాటి వోల్టేజీ రకం ఈఎల్‌సీబీలు (లీకేజీ రక్షణకు పాత పరికరాలు) కొన్ని ఇంకా గోడలకు వేలాడుతున్నాయి. ఎర్త్ వైరు లోపలికొకటి, బయటికొకటి వెళ్తే అదే. నీళ్ల పైపు గుండానో, ఇంకో ఎర్త్ గుండానో లీకేజీ పక్కకు పోతే అది గుర్తించదు. లేనట్టే రాయండి. షాపులో ఇప్పటికీ ఆర్‌సీసీబీని ఈఎల్‌సీబీ అనే అంటారు కాబట్టి రిపోర్టులో ఏది ఉందో స్పష్టంగా రాయకపోతే గందరగోళం అవుతుంది.

బైపాస్ ఎందుకు చేస్తారో ఓనరుకు చెప్పకపోతే మీరు పెట్టించిన దానికీ అదే గతి పడుతుంది. పాత వైరింగులో న్యూట్రల్ అప్పు తెచ్చుకోవడం మామూలు. మెట్ల లైటుకు ఫేజు ఒక పోర్షన్ నుంచి, న్యూట్రల్ పక్క పోర్షన్ నుంచి వస్తుంది. ఆర్‌సీసీబీ పెట్టగానే ఆ లైటు వేసిన ప్రతిసారీ పడుతుంది. రెండోసారికే మెకానిక్ వచ్చి లింకు వేసి పోతాడు. ఇంకోటి, తేమ పట్టిన పాత వైర్లలో ఎప్పుడూ కొంత లీకేజీ ఉంటుంది. దానికి తోడు మన నల్లగొండలో ఫ్లోరైడ్ పుణ్యమా అని ప్రతి వంటింట్లో ఆర్‌ఓ ఉంది. దాని అడాప్టర్, టీవీ, కంప్యూటర్, ఒక్కోటీ కొంచెం కొంచెం ఎర్త్‌కు వదులుతాయి. ఫేజు, న్యూట్రల్ రెంటినీ కలిపి లీకేజీ క్లాంపు మీటరులో పెట్టి చూడండి. 9, 10 మిల్లీఆంపియర్లు దాటితే ఆ ఒక్క ఆర్‌సీసీబీ నిలవదు. అది 15 నుంచి 30 మధ్య ఎక్కడైనా పడవచ్చు. పోర్షన్‌కొకటి, వీలైతే సాకెట్లకొకటి లైట్లకొకటి విడగొట్టమని రాయండి. ముందు 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) సర్క్యూట్‌కు ఒక్కో అంకె తియ్యండి, 1 మెగాఓము కంటే తక్కువుంటే ఆ సర్క్యూట్ వైరు మార్చాలి. ఇన్వర్టర్ ఏసీ, కొత్త రకం వాషింగ్ మెషీన్ ఉంటే ‘ఏసీ’ టైపు ఆర్‌సీసీబీ కాకుండా ‘ఏ’ (A) టైపు ఆర్‌సీసీబీ పెట్టించండి. లీకేజీలో డీసీ కలిసిందంటే ‘ఏసీ’ టైపు గుర్తించకపోవచ్చు. ఆర్‌సీసీబీ ఓవర్‌లోడును ఆపదు కాబట్టి దాని ముందు ఎంసీబీ ఉండాలి, ఆర్‌సీసీబీ ఆంపియర్లు ఆ ఎంసీబీ కంటే తగ్గకూడదు. షాపులకు మెయిన్ దగ్గర 100 మిల్లీఆంపియర్లది పెడితే, కింద 30లతో కలిసి పడకుండా అది ఆలస్యంగా పడే ఎస్ రకం కావాలి.

రాసే వాక్యం ఎలా ఉండాలంటే: ‘మొదటి అంతస్తు, ఉత్తరం పోర్షన్, వరండా సాకెట్. లీకేజీ రక్షణ లేదు. లూపు 14.8 ఓములు, మే నెలలో కొలిచాం. ఎంసీబీ సీ16 ఈ లూపుకు పడదు. కూలర్ వాడుతున్నారు. తరగతి 2. సర్క్యూట్‌కు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ అవసరం.’ ఇలా రాస్తే రేపు ఇంకో వైర్‌మన్ వచ్చి మీ అంకె మళ్లీ కొలిచి చూసుకోగలడు. ‘ఆర్‌సీసీబీ లేదు, ప్రమాదం’ అని రాస్తే వాడికి చెయ్యడానికి ఏమీ లేదు.

ఓనరు నలభై ఏళ్ల మాటకు జవాబు ఆ వాక్యంలోనే ఉంది. అప్పుడు ఆ సాకెట్‌కు రేడియో పెట్టేవాళ్లు. ఇప్పుడు కూలర్: ఇనప బాడీ, లోపల నీళ్లు, పంపు.

ఆర్‌సీసీబీ కాపాడలేని చోట్లు రిపోర్టు చివర విడిగా రాయండి, లేకపోతే పెట్టించాక అంతా అయిపోయిందనుకుంటారు. ఇన్వర్టర్ మీద నడిచే సర్క్యూట్లకు కరెంటు పోయినప్పుడు మెయిన్ ఆర్‌సీసీబీ ఉన్నా లేనట్టే, ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కు వేరే ఉండాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒక్క మనిషి పట్టుకుంటే దానికి అది లోడే. మీటరుకు ముందు వచ్చే లీకేజీ దానికి అసలు కనపడదు. సర్వీసు వైరు ఇన్సులేషన్ పోయి దానికి ఊతంగా కట్టిన జీఐ (జింకు పూత ఇనప) తీగకు తగులుతుంటే, మిద్దె మీద సర్వీసు పైపుకు బట్టల దండెం కట్టి ఉంటే, ఇవి ఒకటో తరగతి. దండెం ఆ రోజే విప్పించి నైలాను తాడు కట్టించండి. సర్వీసు వైరు ఇన్సులేషన్ పోయి ఉంటే దాన్ని మీరు ముట్టుకోవద్దు, ఫొటో తీసి, సర్వీసు నంబరుతో డిస్కం (కరెంటు సంస్థ) సెక్షన్ ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) ఓనరు చేత రాతపూర్వకంగా ఇప్పించి, ఆ కాపీ రిపోర్టుకు జత చెయ్యండి.